కారని కుండలు

"చచ్చిపోయినవాళ్ళ పేరు మీద మడి ఉంచడానికి రూలు ఒప్పుకోదు ఫిట్టరూ," అన్నాడు కండక్టరు, మెడలో విజిలు లేకపోయినా ఉన్నట్టు ఛాతీ తడుముకుంటూ.

ఆయన బస్సు దిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మూతపడిన ఐసు ఫ్యాక్టరీ పెరట్లో కూరమడులు వేసుకునేవాళ్ళ సంఘానికి కార్యదర్శి. పదవి మారింది గాని మనిషి మారలేదు. అందరినీ వరసలో నిలబెట్టడం, ముందుకు జరగమనడం ఆయన నోటికి అంటుకుపోయాయి.

"అది నా పెళ్ళాం మడి," అన్నాడు ఫిట్టరు.

"కాదన్నానా? ఆవిడ ఉన్నంతకాలం ఆవిడది. ఇప్పుడు వరసలో తర్వాతివాళ్ళది. సీటు ఖాళీ అయితే నిలబడ్డవాడు కూర్చుంటాడు."

"ఇది బస్సు కాదు."

"కాదు కాబట్టే ఇంకో దారి చెబుతున్నా. ఇంట్లోవాళ్ళు తీసుకోవచ్చు. కానీ పని నేర్చుకోవాలి. క్లాసులకి రావాలి. మడుల పంపకం రోజుదాకా మడి పచ్చగా ఉండాలి. నువ్వు ఈ గేట్లో కాలు పెట్టడం నేను చూడ్డం ఇదే మొదలు. చిక్కుడాకుకీ సొరాకుకీ తేడా తెలుసా నీకు?"

ఫిట్టరు పెరటి వైపు తిరిగాడు. తెలుసంటే కండక్టరు నవ్వుతాడు. తెలియదనడం తనకి అలవాటు లేదు.

పెరడంతా సిమెంటు నేల. ఒకప్పుడు ఐసు దిమ్మలు ఈడ్చి ఈడ్చి అరిగిన గాళ్ళు ఇంకా గేటు దాకా కనిపిస్తున్నాయి. ఆ సిమెంటు మీదే విరిగిన ఇటుకలతో గట్లు కట్టి, కూరల తొక్కలు, ఎండుటాకులు, రంపపు పొట్టు కుళ్ళబెట్టి మట్టి చేసుకున్నారు. కొనుక్కొచ్చిన మట్టి కాదు, అన్నంలా వండుకున్న మట్టి. గోడ మూల మడి ఆమెది. లోతు రెండు జానలుండదు. చిక్కుడు తీగ పందిరంతా పాకి ఊదారంగు పూత మీద ఉంది. అక్కడక్కడ లేత కాయలు.

ఆ మడి ఆమెదేనని ఆయనకి ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. తీగల మొదళ్ళ మధ్య నాలుగు గిన్నె మూతలు పెట్టి ఉన్నాయి. ఒకదాని పిడి ఊడిపోతే ఆయనే బోల్టు వేసి బిగించాడు. ఆ మూతలు వంటింట్లో కనబడటం లేదని, "గిన్నె మీద మూత కూడా కాపాడుకోలేవు" అని ఎన్నిసార్లు తిట్టాడో. ఆమె అట్లు తిరగేస్తున్నట్టు అటు తిరిగిపోయేది.

మూత తీశాడు. మెడదాకా పాతిన మట్టికుండ. అడుగున కాసిని నీళ్ళు.

"ఉన్న గింజలన్నీ వేసేశాను," అంది ఆమె పోయేముందు ఆసుపత్రిలో. "ఒక్కటీ మిగల్చలేదు. కాయలు ఎవర్నీ తెంపనీకు. తీగ మీదే ఎండనియ్యి. గింజ పడాలి."

తల్లి దగ్గర నుంచి తెచ్చుకున్న గింజ అది. నల్లగా ఉండి ఒకవైపు తెల్లగీత. ఏటా కాసిని దాచేది, ఏటా వేసేది. ఆ మాట చెబుతున్నప్పుడు ఫిట్టరు సెలైను గొట్టం వైపు చూస్తున్నాడు. చుక్క తర్వాత చుక్క పడుతోంది. నీళ్ళ పైపులు బిగించిన అలవాటుతో, జాయింటు దగ్గర చెమ్మ ఉందేమోనని వేలితో తడిమి "సరేలే" అన్నాడు. ఆమె ఇంకేదో చెప్పబోయి, ఆ వేలు చూసి మానేసింది.

క్లాసుకి వస్తానని కండక్టరుతో చెప్పి ఇంటికి వెళ్ళాడు.

పాఠం చెప్పే పంతులమ్మ వయసులో చిన్నది. గోళ్ళలో మట్టి, మాటలో తొందర. అందరూ చాపల మీద కూర్చుంటే ఫిట్టరు బోర్లించిన డబ్బా మీద, కాస్త ఎడంగా కూర్చునేవాడు.

"మట్టిని ఎండకి వదిలేస్తే చస్తుంది. పైన గడ్డి కప్పండి. కప్పింది తీసి తీసి చూడకండి. అన్నం ఉడికిందా అని మాటిమాటికీ మూత తీస్తే ఏమవుతుంది?"

"ఉడకదు," అన్నారు ఆడవాళ్ళు.

"పలుకవుతుంది," అన్నాడు కండక్టరు. అందరూ నవ్వారు. ఫిట్టరు నవ్వలేదు.

ఎవరింటి తొక్కలు వాళ్ళు బకెట్లో తేవాలని షరతు. ఒంటిమనిషి వంటింట్లో తొక్కలెక్కడివి? ఆయన బకెట్టు అడుగున ఒక ఉల్లిపొర, కాచిన టీపొడి. కండక్టరు తొంగి చూశాడు.

"ఇదేంటి ఫిట్టరూ, ఎలక్కి పెట్టిన పథ్యమా?"

మర్నాడు ఫిట్టరు కూరగాయల కొట్టు ముందు నిలబడ్డాడు. అడగటానికి నోరు రాలేదు. కొట్టువాడు రాలిన క్యాబేజీ ఆకులు కాలితో మురుక్కాలవలోకి తోస్తుంటే, వంగి వాటిని బకెట్లోకి ఎత్తుకున్నాడు. ఆమె కూడా ఇక్కడే వంగేదేమో. ఇంట్లో ఆ బకెట్టు కంపు కొడుతోందని ఆమె చేత మెట్ల కింద పెట్టించింది ఆయనే. "చెత్త మోసే ఉద్యోగం ఎప్పుడొచ్చింది నీకు" అన్నాడు. ఇప్పుడు ఆ బకెట్టు వంటగట్టు మీదే ఉంటోంది. కంపేమీ లేదు.

కుప్ప తిరగేయడం నేర్చుకున్నాడు. కింది పొర పైకి, పై పొర కిందికి. పలుగుకి ఆవిరి తగిలేది. ఎండుటాకు ఒక వరస, పచ్చిది ఒక వరస. ఈ పనిలో ఆయనకి కష్టమేమీ అనిపించలేదు. ఒళ్ళు వంచి పనిచేసినవాడు ఏ పనైనా చేస్తాడు. అడిగి తెలుసుకోవడమే చేతకాదు.

కుండల సంగతి ఒకటి ఆయన్ని తొలుస్తోంది. సాయంత్రం మూత తీస్తే నీళ్ళు అడుగంటి ఉంటున్నాయి. మర్నాడు పొద్దున్న క్లాసుకి వచ్చి చూస్తే మెడదాకా ఉంటున్నాయి. తను పోయలేదు. వాన లేదు. మూతలు మూతల్లాగే ఉన్నాయి. ఎవరో పోస్తున్నారు. ఎందుకు పోస్తున్నారు? ఊరికే ఎవడూ పరాయి కుండలో నీళ్ళు పోయడు. ఈ లోకం ఆయనకి తెలుసు.

ఒక రోజు తెల్లవారుతుండగానే వచ్చి ఐసు గది గోడ చాటున నిలబడ్డాడు. గేటు కిర్రుమంది. ఒక ఆడపిల్ల, మోచేతి దగ్గర పాత కాలిన మచ్చ, చేతిలో బకెట్టు, చెంబు. తిన్నగా మూల మడికి వచ్చి మూతలు తీసి ఒక్కొక్క కుండా నింపింది. నింపి, పందిరి మీంచి వేలాడుతున్న తీగ కొస పట్టుకుని వెదురు మీదికి చుట్టింది.

"ఎవరు నువ్వు?"

పిల్ల ఉలిక్కిపడి చెంబు వదిలేసింది. "ఇస్త్రీ కొట్టు, పెదనాన్నా. గేటుకి ఎదురుగా."

"ఎవరికి పెదనాన్నని?"

"మీ ఆవిణ్ణి పెద్దమ్మా అనేదాన్ని. అందుకని."

"వరసలో తర్వాతి పేరు ఎవరిది?"

"నాదే."

"అదీ సంగతి. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటే ఇదే మరి. నేను పోయేదాకా కూడా ఆగేట్టు లేవు."

"నీళ్ళు పోస్తున్నాను, అంతే. రోజూ నింపకపోతే..."

"నీళ్ళ సంగతి నాకు చెప్పకు. పొద్దున్నే నువ్వు మొహం కడుక్కునే కొళాయి నేను వేసింది."

"అది కాదు పెదనాన్నా, ఆ కుండలు..."

"కాయలెన్ని తెంపావు?"

పిల్ల మొహం మాడిపోయింది. చెంబు తీసుకుని, అంటిన మట్టి పైటతో తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"ఒక్కటీ తెంపలేదు," అంది. బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

ఫిట్టరు తిన్నగా కండక్టరు ఇంటికి వెళ్ళాడు. ఆయన పళ్ళు తోముకుంటున్నాడు.

"ఆ పిల్ల దొంగ కాదు ఫిట్టరూ."

"పరాయి మడిలో చెయ్యి పెడితే ఏమిటి రూలు?"

కండక్టరు నోట్లో నురుగు ఉమ్మేసి చాలాసేపు పుక్కిలించాడు. "వరసలోంచి పేరు పోతుంది."

"మరి కొట్టెయ్యి."

"ఏడాది నుంచి నిలబడింది అది. దాని కొట్టు ముందు అడుగు నేల లేదు. నాలుగు మాటలు అని వదిలెయ్యరాదూ."

"చచ్చిపోయినవాళ్ళ పేరు మీద మడి ఉంచడానికి ఒప్పుకోని రూలు, బతికున్నవాళ్ళ దగ్గర నీళ్ళు నములుతుందా? నా పెళ్ళానికొకటి, దానికొకటా?"

కండక్టరు ఆయన మొహంలోకి చూశాడు. ఆయన టికెట్టు లేని మనుషుల్ని బస్సులోంచి దించినవాడే, కానీ ఎప్పుడూ వాన పడుతుండగా దించలేదు. "సరే," అన్నాడు. "నీ మాటే కానీ."

ఆ రోజే పేరు కొట్టేశారు.

ఆ తర్వాత కుండలు ఫిట్టరే నింపాడు. మెడదాకా పోసి, మేకుతో మెడ లోపల గీత గీశాడు. మర్నాటికి నీళ్ళు గీత నుంచి జానెడు కిందికి దిగాయి. మళ్ళీ నింపాడు. మళ్ళీ దిగాయి. నాలుగూ అంతే.

గట్టు మీద కూర్చున్నాడు. మనసు చాలా రోజుల తర్వాత ఒక తెలిసిన చోటికి వచ్చింది. లీకు. ఇంతకాలం ఆమె రోజూ ఇంత దూరం వచ్చి కారిపోయే కుండల్లో నీళ్ళు పోసింది. ఒక్క మాట చెబితే ఒక పూటలో కట్టేసేవాడు. మొగుడు ఊళ్ళో సగం ట్యాంకులకి లీకు కట్టినవాడు, పెళ్ళాం ఓటికుండల్లో నీళ్ళు పోసుకుంటోంది. ఎవరైనా వింటే నవ్విపోతారు. ఆమె మీద కోపం వచ్చింది. కోపం రావడం బాగుంది. బతికున్న మనిషి మీద వచ్చినట్టే ఉంది.

ఇంట్లో మంచం కింద పనిపెట్టె లాగాడు. ఉద్యోగం మానేసిన తర్వాత తెరవనిది. ఉప్పుకాగితం, గీకుడు కత్తి, రెండు కుంచెలు, తాగే నీళ్ళ ట్యాంకుల్లోపల పూసే పూత డబ్బా. మూత తెరిచి వాసన చూశాడు. చెడలేదు. తాగే నీళ్ళకి పనికొచ్చేది కాబట్టి మొక్కకీ హాని ఉండదనుకున్నాడు. అంత ఆలోచించే చేశాడు.

కుండలు పెకలించలేదు. వేళ్ళు కదులుతాయి. ఉన్నచోటే చెంబుతో నీళ్ళు తోడి, చెంబుకి అందనివి గుడ్డతో అద్ది పిండాడు. మూతలు తీసి ఎండకి వదిలాడు. గోడ తడిగా ఉంటే పూత పట్టదు. రెండు రోజులు ఆగి, లోపల చెంప ఆనించినట్టు చెయ్యి ఆనించి చూశాడు. పొడిగా ఉంది. కుండ మెడ ఇరుకు. ఆయన చెయ్యి మణికట్టు దాకా కష్టంగా దూరింది. ఆమె చెయ్యయితే హాయిగా దూరేది. ఉప్పుకాగితం వేళ్ళకి చుట్టుకుని లోపలంతా గుండ్రంగా రుద్దాడు. ఎర్రటి పొడి రాలింది. దాన్ని ఊది, తుడిచి, కుంచెకి ఇనపచువ్వ కట్టి అడుగు నుంచి పైకి పూశాడు. కుంచె అందని వంపుల్లో వేలితో పామాడు. ఒక చుట్టు అడ్డంగా, ఆరాక ఒక చుట్టు నిలువుగా. అడ్డం నిలువూ పడితే సూది మొన కూడా దూరదు. ఈ సంగతి ఆయన కింద పనిచేసిన ప్రతివాడికీ చెప్పాడు.

పక్కమడి దర్జీ భార్య అటుగా పోతూ చూసింది. "కుండలు కడుగుతున్నారా అన్నయ్యా? మంచి పని. నాచు పడుతుంది." ఫిట్టరు తలూపాడు. అడిగినదానికి మించి చెప్పడం ఆయన పద్ధతి కాదు. ఆమె వెళ్ళిపోయింది.

పూత బాగా ఆరనిచ్చి నీళ్ళు నింపాడు. గీత దాకా పోసి మూతలు పెట్టాడు.

మర్నాడు మూత తీస్తే నీళ్ళు గీతని అంటుకుని ఉన్నాయి. రెండోది చూశాడు. మూడోది, నాలుగోది. వెంట్రుకవాసి దిగలేదు. నీళ్ళలో ఆయన మొహం, దాని వెనక చిక్కుడు పూత కనబడ్డాయి.

"కట్టేశానే," అన్నాడు మెల్లగా. ఆమె పోయాక ఆమెతో అన్న మొదటి మాట అదే.

ఆ వారం ఆయన క్లాసులో డబ్బా కాస్త ముందుకి జరుపుకుని కూర్చున్నాడు. పంతులమ్మ పురుగు పాఠం చెప్పింది. సబ్బునీళ్ళు ఎంత పలచగా కలపాలో, ఆకు కింద ఎలా కొట్టాలో చెప్పింది. ఫిట్టరు ఒక ప్రశ్న కూడా అడిగాడు. కండక్టరు ఆశ్చర్యంగా చూశాడు.

మొదట మధ్యాహ్నం పూట ఆకులు వేలాడాయి. ఎండకి అనుకున్నాడు. తర్వాత సాయంత్రానికి కూడా లేవలేదు. అంచులు పసుపు తిరిగి గొట్టంలా చుట్టుకున్నాయి. పురుగనుకున్నాడు. సబ్బునీళ్ళు కలిపి ఆకు ఆకుకీ కింద కొట్టాడు, నేర్పినట్టే. గడ్డి కప్పు కదపలేదు, నేర్పినట్టే. కుండలు చూశాడు. నిండుగా ఉన్నాయి. నీళ్ళకి లోటు లేదు.

చిక్కుడు పూత రాలడం మొదలైంది. పొద్దున్న వచ్చేసరికి గడ్డి మీద ఊదారంగు పరుచుకుని ఉండేది.

"గోడ దూకి వచ్చి ఆ పిల్ల ఏదైనా పోస్తోందేమో," అన్నాడు కండక్టరుతో.

"నీ నోట మంచి మాట రాదా ఫిట్టరూ? ఆ పిల్ల ఇస్త్రీ బల్ల కూడా అటు తిప్పుకుంది, గేటు కనబడకుండా."

"గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు."

కండక్టరు అటు తిరిగిపోయాడు. తన మడిలో వంకాయలు కోసుకుంటూ ఉండిపోయాడు. ఆ రోజు నుంచి ఫిట్టరు వస్తే ఆయన జోకులు వేయడం మానేశాడు.

తర్వాతి క్లాసులో పంతులమ్మ బల్ల మీద ఒక ఖాళీ మట్టికుండ పెట్టింది.

"ఈ పాఠం పాతవాళ్ళకి తెలుసు. కొత్తవాళ్ళ కోసం మళ్ళీ. మన మట్టికి లోతు లేదు. కింద సిమెంటు. పైన పోసిన నీళ్ళు సగం ఆవిరి, సగం గాళ్ళ వెంట గేటు బయటికి. అందుకని ఇది." కుండలో నీళ్ళు పోసింది. "చూడండి."

అందరూ ముందుకి వంగారు. కొంతసేపు ఏమీ కాలేదు. తర్వాత కుండ అడుగున ఎరుపు ముదిరింది. ఆ ముదురురంగు మెల్లగా పైకి పాకింది. కుండ ఒంటి మీద చెమట పట్టినట్టు సన్నటి తడి మెరిసింది. పంతులమ్మ ఎండుమట్టి పిడికెడు తీసి కుండకి అద్దింది. మట్టి నల్లబడి అక్కడే అతుక్కుపోయింది.

"భూమిలో పాతితే ఇలాగే, వేరుకి కావలసినంత, కావలసినప్పుడు. మట్టి ఎండితే కుండ కారుతుంది. తడిగా ఉంటే ఆగుతుంది. వేళ్ళు వెతుక్కుంటూ వచ్చి దీన్ని పట్టుకుంటాయి, చంటిపిల్ల రొమ్ము పట్టుకున్నట్టు. మీరు చేయాల్సిందల్లా రోజూ నింపడమే. ఇది కారాలి. కారడమే దీని పని."

ఫిట్టరు డబ్బా మీద కదల్లేదు.

"లోపల పూత పూస్తే?" అన్నాడు.

పంతులమ్మ జోకనుకుని నవ్వింది. "అప్పుడింకేం? మంచినీళ్ళు తాగడానికి బాగుంటుంది." చాపల మీద వాళ్ళూ నవ్వారు. దర్జీ భార్య నవ్వబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మూల మడి వైపు చూసింది.

ఫిట్టరు లేచాడు. మడి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, తీయకూడదన్న గడ్డి కప్పు రెండు చేతులా తీసేశాడు. కింద మట్టి కాదు, బూడిద. వేలు గుచ్చితే పొడిగా జారింది. కుండ చుట్టూ తవ్వాడు. సన్నటి తెల్లవేళ్ళు వలలాగా కుండని చుట్టుకుని, చుట్టుకున్నవి చుట్టుకున్నట్టే ఎండిపోయి ఉన్నాయి. వేలికి తగిలితే పుల్లల్లా విరిగాయి. వాటికీ నీళ్ళకీ మధ్య గోరంత మందం కూడా లేదు.

కొళాయి దగ్గరికి పరిగెత్తాడు. ఆ వయసులో పరిగెత్తాడు. డబ్బా నింపుకొచ్చి కుమ్మరించాడు, మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ. అంత ఎండిన మట్టి నీళ్ళు తాగదు. నీళ్ళు పైపైనే దొర్లి, ఇటుకల సందుల్లోంచి జారి, ఐసు గాళ్ళ వెంట గేటు దాకా పోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, ఆయనకి పట్టుకోవడానికి ఆకు కూడా లేదు. పట్టుకున్నది పట్టుకున్నట్టే రాలింది.

పంతులమ్మ వచ్చి వెనక నిలబడింది. వంగి కుండలో చెయ్యి పెట్టి గోడ తడిమింది. ఆమె వేళ్ళు నున్నటి పూత మీద అటూ ఇటూ తిరిగాయి.

"మీరే పూశారా?"

"ఆ."

"గీకితే పోదా?"

"పోదు," అన్నాడు ఫిట్టరు. "కుండ పోతుంది కానీ ఇది పోదు."

ఆమె తడిచెయ్యి లంగావోణీకి తుడుచుకుంది. "నేను ముందే చెప్పి ఉండాల్సింది," అంది. ఆ మాట ఆయనకి సాయం చేయలేదు.

కాయలు కోశాడు. అన్నీ కోశాడు. గట్టు మీద కూర్చుని ఒక్కొక్కటీ గోటితో చీల్చాడు. తొక్కలు కాగితాల్లా అంటుకుపోయి ఉన్నాయి. లోపల గింజ ఉండాల్సిన చోట పచ్చటి పొర, చీమ తలకాయంత. నలుపు రాలేదు. తెల్లగీత రాలేదు. ఒక పెద్ద కాయలో ఒక్కటి కాస్త లావుగా ఉంటే అరచేతిలో పెట్టుకుని ఎండకి పట్టుకున్నాడు. వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా చితికి నీరు వచ్చింది.

పంపకం రోజున కండక్టరు ఒక్కొక్క మడి దగ్గరికీ వచ్చి పేర్లు చెప్పాడు. మూల మడి దగ్గర ఆగాడు. ఎండిన తీగలు పందిరికి ఉరితాళ్ళలా వేలాడుతున్నాయి.

"నీదే," అన్నాడు.

"పచ్చగా ఉండాలన్నావు."

"ఉండాలి. లేకపోతే వరసలో తర్వాతివాళ్ళకి పోవాలి. వరసలో ఎవరూ లేరు. ఉన్న ఒక్క పేరూ నువ్వు కొట్టించావు." ఛాతీ తడుముకున్నాడు. "కూర్చో ఫిట్టరూ. బస్సంతా నీదే."

ఫిట్టరు గేటు దాటి రోడ్డు అవతలికి వెళ్ళాడు. ఇస్త్రీ పిల్ల వీపు ఇటు పెట్టి చొక్కా మడత పెడుతోంది. కొట్టు ముందు పాత నూనెడబ్బాలో ఒక మిరపమొక్క ఉంది.

"పెద్దమ్మ నీకు గింజలేమైనా ఇచ్చిందా?" అన్నాడు. పెద్దమ్మ అన్నమాట ఆయన నోట్లో అడ్డం పడింది.

పిల్ల తిరిగి చూసింది. ఆయన చేతులకున్న మట్టి చూసింది.

"లేదు సార్. ఉన్నవన్నీ వేసేసింది కదా. ఈ కాపు ఎండాక ఇస్తానంది."

సార్ అంది. ఫిట్టరు కొట్టు గుంజ పట్టుకున్నాడు.

"మడి నువ్వు తీసుకో. కండక్టరుతో నేను చెబుతా."

"నాకెందుకు సార్? నేను నిలబడింది ఆ చిక్కుడు కోసం." చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించింది. "తీగ పోయిందని దర్జీ అత్త చెప్పింది."

"కుండల సంగతి నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

పిల్ల ఇస్త్రీపెట్టె ఎత్తి, అడుగు చూసి, మళ్ళీ దించింది. చెప్పబోయాను అని ఆమె అనలేదు. అననక్కర్లేదు.

"ఆసుపత్రికి ఒకసారి వచ్చాను," అంది. "మీరు మందులకి కిందికి వెళ్ళారట. కుండలు రోజూ నింపమని నాకు చెప్పింది. పెదనాన్నకి కూడా చెప్పనా పెద్దమ్మా అన్నాను. వద్దులే, ఆయనకి చెబితే లీకవుతోందని ఏదో ఒకటి పూసేస్తాడు అంది."

ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డ సుయ్యిమంది.

"చెప్పి నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. మీ గురించే ఎక్కువ చెప్పేది. ఆయన చెయ్యి పడితే చుక్క కారదు అనేది." చొక్కా మడిచి దొంతి మీద పెట్టింది. "ఉతికిన బట్టలుంటే పంపండి సార్. రేపటికి చేసిస్తాను."

రోడ్డు దాటి మళ్ళీ పెరట్లోకి వచ్చాడు. అందరూ వెళ్ళిపోయారు. కొళాయి సరిగా కట్టలేదు ఎవరో, చుక్కచుక్కగా సిమెంటు మీద పడుతోంది. ఆయన చెయ్యి అటు సాగలేదు.

మూల మడిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక్కటన్నా, అనుకున్నాడు. కుంచె అందని వంపు ఒక్కటన్నా, వేలు తప్పిన చోటు ఒక్కటన్నా ఉండకపోతుందా. కళ్ళు ఇదివరకట్లా లేవు. చేతికీ వయసైంది. సూది మొనంత చాలు. ఆ చుట్టుపక్కల ఒక వేరు బతికి ఉండొచ్చు, వేరు మీద ఒక కణుపు.

మొదటి కుండ మూత తీశాడు. నీళ్ళు గీతని అంటుకుని ఉన్నాయి. రెండోది తీశాడు. గీత మీదే ఉన్నాయి. మూడోది తీసే ముందు మూత మీద అరచెయ్యి కాసేపు అలాగే ఉంచాడు. గీత మీదే ఉన్నాయి.

నాలుగోది బోల్టు బిగించిన మూత. తీసి, వంగి, నీళ్ళ అంచు దగ్గర కన్ను పెట్టి చూశాడు. గీత కింద తడి ఆరిన చార కోసం చూశాడు. వెంట్రుకంత చార. బతుకంతా చేసిన పనిలో మొదటిసారి తప్పు కోసం వెతికాడు.

దొరకలేదు. చుక్క కారలేదు.

మూత పెట్టేశాడు.